బీదరు ముక్క

మన దేశం పేరేమిటని మూడో తరగతిలో పంతులమ్మ అడిగింది. నేను ఏడు పేర్లు చెప్పి అరచేతి మీద రెండు దెబ్బలు తిన్నాను. ఆ దెబ్బలు అన్యాయమని ఇప్పటికీ అంటాను. మా వాకిట్లో దేశానికి తలా ఒక పేరు ఉండేది. నాయనమ్మకు అది నైజాం రాజ్యం. ఆ రాజ్యం పోయి చాలా రోజులైందని ఎవరైనా అంటే, నాకు చెప్పకుండ ఎట్ల పోతది అని కసిరేది. బాపు ములుకు అనేవాడు. పక్క వాటాలో ఉండే కాకు మొగలాయి అనేది. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉన్న మా ఇంటి ఓనరు రియాసత్ అనేవాడు. బడి పుస్తకంలో హైదరాబాదు రాష్ట్రం అని ఉండేది. అదే పుస్తకం మరో పేజీలో భారతదేశం. దుకాణం రేడియోలో హిందుస్తాన్. పంతులమ్మకు వీటిలో ఏది కావాలో నాకెలా తెలుస్తుంది?

ఆ చిక్కు విప్పింది కాకా. కాకా అంటే మా పక్క వాటాలో ఉండే మరాఠీ ఆయన. వాళ్ల భాషలో చిన్నాయన అని అర్థం. కాకు ఆయన భార్య. వాళ్లకు ఒక్కతే కూతురు, నా ఈడుది, బళ్లో నా పక్కనే కూర్చునేది. ఉప్పుగూడ స్టేషనుకు కూతవేటు దూరంలో, ఒకే వాకిలి, ఒకే బావి, ఒకే జామచెట్టు ఉన్న ఆ ఇంట్లో నేను పుట్టక ముందు నుంచీ రెండు కుటుంబాలూ ఉన్నాయి. బాపు, కాకా ఒకే కచేరీలో నక్షానవీసులు, అంటే సర్కారుకు పటాలు గీసేవాళ్లు. కాకా మూడేళ్లు సీనియరు. ఇద్దరూ పొద్దున రెండు సైకిళ్ల మీద కలిసి పోయేవారు, సాయంత్రం కలిసి వచ్చేవారు. మేం పిల్లలం గొలుసు చప్పుడు వినగానే తలుపు తీసేవాళ్లం.

కాకా వాళ్ల తాత బీదరు జిల్లాలో ఏదో పల్లె నుంచి వచ్చి పట్నంలో స్థిరపడ్డాడట. ఆ పల్లెను కాకా కూడా చూడలేదు. ఆయన పుట్టింది, చదివింది, పెళ్లి చేసుకున్నది పాతబస్తీలోనే. మాతో తెలుగే మాట్లాడేవాడు. ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ కథకు అర్థం ఉండదు. మా బాపు చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు మాట్లాడేవాడు కానీ, కూడబలుక్కుని తప్ప చదవలేడు, రాయడం అసలే రాదు. మా అమ్మ పుట్టింటికి ఉత్తరం రాయించాలంటే కాకా దగ్గరికి పోయేది. కాకా అరుగు మీద కూర్చుని, చెప్పు వదినా అని, గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసిపెట్టేవాడు. అమ్మ మరిచిపోయిన క్షేమసమాచారాలు ఆయనే గుర్తుచేసి కలిపేవాడు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆ చేతిరాత మా బాపుదేనని చాలా ఏళ్లు అనుకున్నారు.

నా అరచేతులు చూసి కాకా నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత కచేరీలో పాతబడి పారేసిన పటం ఒకటి తెచ్చాడు. దాన్ని డబ్బా చెక్క మీద జిగురుతో అంటించి, ఆరబెట్టి, సన్న రంపం తీసుకుని జిల్లా వెంట జిల్లా కోశాడు. మొత్తం పదహారు ముక్కలు. అంచులు గరుకు కాగితంతో రుద్దే పని మా పిల్లలిద్దరికీ ఇచ్చాడు. తర్వాత రంగులు. ఎనిమిది తెలుగు జిల్లాలకు ఆకుపచ్చ, అయిదు మరాఠీ జిల్లాలకు ఎరుపు. కన్నడ జిల్లాలు మూడు, వాటిలో రెండింటికే పసుపు వేశాడు. మూడోది బీదరు. దాన్ని చేతిలో పట్టుకుని కొంచెంసేపు చూసి, మూడు రంగులూ చారలు చారలుగా పూశాడు. ఎందుకని అడిగితే, అక్కడ ఒక్కో ఊరిది ఒక్కో భాష, కొన్ని ఇళ్లలో మూడూ ఉంటాయి, నేనేం చెయ్యను అన్నాడు.

ఆదివారాలు మా ఆట అదే. ముక్కలన్నీ అరుగు మీద కుమ్మరించి, కళ్లు మూసుకుని తడిమి ఏది ఏ జిల్లానో చెప్పాలి. నా దోస్తు ఔరంగాబాదును వేలి చివరతో పట్టేసేది. నేను ఆదిలాబాదు దగ్గర ఎప్పుడూ గెలిచేదాన్ని. బీదరు ముక్క కోసం ఇద్దరం కొట్టుకునేవాళ్లం. అది మాదంటే మాదని జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. ఒకసారి కాకా ఆకుపచ్చ ముక్కలు ఎనిమిదీ తీసేసి, మిగిలింది దేశమేనా అని అడిగాడు. కాదన్నాం. ఎర్రవి తీసేసి అడిగాడు. కాదన్నాం. అప్పుడు ఆయన నా అరచేయి పట్టుకుని చెప్పాడు.

"నువ్వు చెప్పిన పేర్లన్నీ నిజమే బిడ్డా. ఇంట్ల మంది ఎక్కువున్నరు, అందుకే పేర్లు గూడ ఎక్కువున్నయి. మీ పంతులమ్మకు ఒక్కటి చాలు, నువ్వు ఏడు చెప్పినవు. గంతే."

నాకు దేశం అర్థమైంది ఆ రోజే. ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను, అంతకంటే తేటగా ఎవరూ చెప్పలేదు.

చెక్క కోసేటప్పుడు, గీతలు కొలిచేటప్పుడు కాకా పెదవులు కదిలేవి. పావు ఎక్కం, సగం ఎక్కం, ముప్పావు ఎక్కం. చిన్నప్పుడు తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పించిన మరాఠీ ఎక్కాలవి. పావకీ, నిమకీ అని ఒక రాగం ఉండేది వాటికి. కచేరీలో మాత్రం ఆయన లెక్క ఉర్దూలోనే చేసేవాడట, అక్కడ అందరిదీ అదే అలవాటు. ఇంట్లో, అదీ చేతిలో పని ఉన్నప్పుడే, ఆ రాగం బయటికి వచ్చేది. దగ్గర కూర్చుంటే తప్ప వినపడదు. దగ్గర కూర్చునేది మేమిద్దరమే. మేం ఆయన వెనక నిలబడి అదే రాగం తీసి ఏడిపించేవాళ్లం.

నేను ఏడో తరగతికి వచ్చేసరికి బయట లొల్లి మొదలైంది. భాషల వారీగా రాష్ట్రాలు చేస్తారట, మన రాష్ట్రాన్ని మూడు చేస్తారట. రోడ్ల మీద జెండాలు, గోడల మీద రాతలు. నాయనమ్మ అప్పటికి లేదు. ఉంటే, నాకు చెప్పకుండ ఎట్ల చేస్తరు అనేదేమో. మొదట్లో కాకా దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాడు. ఒక సాయంత్రం మా చెక్క ముక్కలు దాచే పెట్టె తెప్పించి ముక్కలు మూడు కుప్పలుగా పెట్టాడు. ఇవి బొంబాయి వాళ్లకు, ఇవి మైసూరు వాళ్లకు, ఇవి ఆంధ్ర వాళ్లతో కలిపి అన్నాడు. బీదరు ముక్క ఒక్కటి చేతిలో మిగిలింది. ఏ కుప్పలోనూ పెట్టలేదు. లాల్చీ జేబులో వేసుకుని అన్నానికి లేచాడు. మర్నాడు మేం అడిగి తీసుకున్నాం.

కొన్నాళ్లకు ఆ నవ్వు పోయింది. రాష్ట్రంతో పాటు సర్కారు నౌకర్లను కూడా పంచుతారని తెలిసింది. ప్రతి ఒక్కరూ ఒక కాగితం నింపాలి. ఏ ఊరు, ఏ భాష, ఎక్కడ పనిచేయాలని కోరిక. దాన్ని బట్టి కొందరిని బొంబాయి వైపు, కొందరిని మైసూరు వైపు పంపుతారు. కాకా ఊరి దగ్గర హైదరాబాదు అని రాశాడు. భాష దగ్గర తెలుగు అని రాశాడు. అబద్ధమనుకుంటే అనుకోండి. నేను అనుకోను. మా అమ్మ ఉత్తరాలు రాసిన మనిషి ఆ మాట రాయకూడదంటే ఇంకెవరు రాయాలి?

కాకు మాత్రం భయపడింది. పంపిస్తే ఔరంగాబాదు దిక్కు పంపిస్తారు, అక్కడ చుట్టం లేడు, పక్కం లేడు, తెలిసిన వీధి ఒక్కటి లేదు అని అమ్మ దగ్గర కళ్లొత్తుకునేది. నా దోస్తుది ఇంకో బాధ. దానికి ఇంట్లో మాట్లాడే మరాఠీ తప్ప ఆ అక్షరాలు రావు. చదివిందంతా తెలుగు బళ్లో. అక్కడికి పోతే నన్ను ఒకటో తరగతిల కూసోబెడుతరట అని వణికిపోయేది. నేను దానికి ధైర్యం చెప్పేదాన్ని. మా బాపు ఉన్నాడు, ఏం కానియ్యడు అని. ఊరికే చెప్పలేదు. బాపు ఆ మాట అనగా నా చెవులతో విన్నాను. జామచెట్టు కింద కాకా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఫికర్ చెయ్యకు భాయ్. నేనున్న కద. నువ్వు యాడికి పోవు."

ఆ తర్వాత వారమో పది రోజులో, ఒక ఆదివారం, బాపు నన్ను లాడ్ బజార్‌కు పోదామా అని అడిగాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. బాపు పిల్లల్ని వెంటేసుకుని తిరిగే మనిషి కాదు. ఆయనతో కలిసి నేను చూసిన బజారంటే మాదన్నపేట కూరగాయల మార్కెట్టు ఒక్కటే, అదీ సంచి మోయడానికి. ఆ రోజు సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి వేసి కూర్చోబెట్టుకున్నాడు. చార్మినారు దగ్గర దిగి, నా చెయ్యి పట్టుకుని, మా ఇంటి ఓనరు దుకాణం మెట్లు ఎక్కించాడు. నీకు ఏవి కావాలంటే అవి తీసుకో అన్నాడు. అద్దం ముక్కలు పొదిగిన ఆకుపచ్చ లక్క గాజులు తీసుకున్నాను. అప్పుడు బాపు అన్నాడు, నీ దోస్తుకు గూడ గవే తీసుకో అని. ఆ మాటకు నాకు బాపు మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఇన్నేళ్ల తర్వాత ఆ రోజు తలుచుకుంటే ముందు ఆ ప్రేమే గుర్తొస్తుంది. తర్వాత ఒళ్లు మండుతుంది.

దుకాణం పక్కన అరుగు మీద కూర్చున్నాం. గాజులు ఎండకు తిప్పి చూసుకుంటున్నాను. బాపు వీధి వైపు చూస్తూ అడిగాడు.

"కాకోళ్లు ఇంట్ల ఏ భాష మాట్లాడుతరు బిడ్డా?"

"మనతోని తెలుగే."

"మనం లేనప్పుడు?"

నువ్వుంటావు కదా ఎప్పుడూ వాళ్ల వంటింట్లో, నీకే తెలుస్తది అన్నాడు. బాపు నన్ను ఏ ప్రశ్నా అడిగేవాడు కాదు. ఆయనకు తెలియనిది నాకు తెలిసి ఉండటం అదే మొదటిసారి. బళ్లో ఏడు పేర్లు చెప్పినప్పటి ఉత్సాహమే వచ్చింది నాకు. కాకు రొట్టెలు కొడుతూ పాడే పాటలు చెప్పాను. సాయంత్రం హారతి మరాఠీలో అని చెప్పాను. కోపమొస్తే కూతుర్ని ఏ భాషలో తిడుతుందో చెప్పాను. అన్నిటికంటే పెద్ద రహస్యం చివరికి దాచుకుని చెప్పాను.

"కాకా లెక్క చేస్తే మరాఠీ ఎక్కాలొస్తయి బాపూ. పావకీ, నిమకీ అని. కచేరిల చెయ్యడట. ఇంట్ల మాత్రం గట్లనే చేస్తడు."

బాపు నా తల మీద చెయ్యి పెట్టి, షాబాష్ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆ రాగం నేను బాపుకు నేర్పిస్తూనే ఉన్నాను. ఆయన రెండుసార్లు సరిగ్గా పలికాడు కూడా.

నెల తిరగలేదు. ఒక సాయంత్రం ఒక్క సైకిలే వచ్చింది. మా ఇద్దరికీ గొలుసు చప్పుడు తేడాగా వినపడి తలుపు దగ్గర ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాకా సైకిలు జామచెట్టుకు ఆనించి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. పగటి వెలుతురు ఉండగా ఆ తలుపు మూసి ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. బాపు గంట ఆలస్యంగా వచ్చాడు. కాళ్లు కడుక్కుని, ఆకలి లేదని చెప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ నన్ను పక్క వాటాకు పోవద్దని ఆపింది. ఎందుకో ఆమెకూ తెలియదు.

మర్నాడు బడికి నా దోస్తు రాలేదు. సాయంత్రం నేనే పోయాను. అది బావి గట్టు మీద కూర్చుని ఉంది. కాకా పెట్టుకున్న అర్జీ కొట్టేశారని, ఆయన్ని మరాఠీ జిల్లాలకు వేశారని చెప్పింది. నేను దాని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి లాక్కుంది.

"కాయితంల పావకీ నిమకీ అని రాసున్నదట. నేను చెప్పలే. మా అమ్మ చెప్పలే. ఇంకెవరు చెప్పిండ్రు?"

ఆ కాగితం నేను చూడలేదు. కాకా ఇంట్లో చదివి వినిపించినదాన్ని నా దోస్తు నాకు ముక్క ముక్కగా చెప్పింది. ఈ నౌకరు తనది తెలుగు అని రాశాడు కానీ, ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లుగా ఉంటున్న తోటి నక్షానవీసు రాసి ఇచ్చిన సాక్ష్యం ప్రకారం, ఇంట్లో మాట, పాట, పూజ అన్నీ మరాఠీలోనే. చివరికి ఎక్కాలు కూడా మరాఠీవే. మనిషి ఏ భాషలో లెక్క చేస్తాడో అదే అతని సొంత భాష. కాబట్టి ఇతను ఆ వైపు వాడు. ఇలా ఉందట. కాకా భుజం మీద చెయ్యి వేసింది మా బాపు. నా తల మీద చెయ్యి పెట్టింది మా బాపు. రెండు చేతులూ ఒకటే.

ఇంటికి పరుగెత్తాను. బాపు అరుగు మీద పెన్సిలు చెక్కుకుంటున్నాడు. ఎందుకు రాసిచ్చినవని అడిగాను. రెండోసారి అడగాల్సి వచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

"ఉన్న మాటనే కద రాసిన. నువ్వే చెప్పినవు. అండ్ల అబద్ధం ఒక్కటి చూపెట్టు."

తర్వాత ఏవేవో చెప్పాడు, నాకు కాదు, వంటింటి గడపలో నిలబడ్డ అమ్మకు. రేపు ఆంధ్ర నుంచి పెద్ద పెద్ద సీనియర్లు వస్తారని, మనవాళ్లందరినీ కిందికి తోస్తారని, ఉన్న ఒక్క పెద్ద నక్షానవీసు కుర్చీ కాకా పోతే తప్ప తనకు రాదని, తనకూ పిల్లలున్నారని, ఎవరో ఒకరు ఎట్లాగూ రాసిచ్చేవాళ్లేనని. అమ్మ అంతా విన్నది. ఆమె బాపుకు ఎదురు చెప్పగా నేను విన్నది జీవితంలో రెండు మూడుసార్లే. అందులో ఇదొకటి.

"తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడు అంటరు. నువ్వు బిడ్డతోని లెక్కవెట్టించినవు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఇంటి దొంగను అని నాకు తెలియకుండానే బాపు నాతో దొంగతనం చేయించుకున్నాడు. అబద్ధం చెప్పమని నేర్పించినా ఇంత బాధ ఉండేది కాదు. అప్పుడు తప్పు ఎక్కడుందో తెలిసేది. నేను చెప్పిందంతా నిజమే. ప్రేమగా చెప్పాను. కాకా గురించి నాకు అంత తెలుసునన్న గర్వంతో చెప్పాను. దాన్నే కాకా మెడకు చుట్టారు.

వాళ్లు వెళ్లడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కాకు మా అమ్మతో మాట్లాడింది, బావి దగ్గర బొక్కెన అందించింది. నాతో ఆ పిల్ల మాట్లాడలేదు. కాకా పొద్దున ముందే వెళ్లిపోయేవాడు, బాపు వెనక వెళ్లేవాడు. ఒకసారి మాత్రం ఇద్దరూ బావి దగ్గర ఎదురుపడ్డారు. నేను తలుపు చాటున ఉన్నాను. కాకా అరవలేదు. గిన్నె కింద పెట్టి, మామూలుగా కచేరీ సంగతి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నువ్వు నన్నడిగితే అయిపోతుండె భాయ్. కుర్చీ నీకు విడిచిపెట్టి నీ కింద కూసుందును. పొల్లను ఎందుకు అడిగినవు?"

బాపు చేద బావిలోకి వదిలి తాడు వైపు చూస్తూ నిలబడ్డాడు.

టాంగా వచ్చింది. కాచిగూడ స్టేషనుకు పోయి అక్కడ బండెక్కాలి. సామాను ఎక్కిస్తుండగా కాకా మా గడప దగ్గరికి వచ్చి చెక్క ముక్కల పెట్టె నా చేతిలో పెట్టాడు. నేను ఏడుస్తుంటే, నువ్వు తప్పు చెప్పలే బిడ్డా అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు ఊరట కాలేదు. నువ్వు తప్పు చేశావని కాకా నా చెవి మెలి పెట్టి ఉంటే ఊరటగా ఉండేది. నా దోస్తు టాంగాలోంచి దిగి వచ్చింది. మాట్లాడుతుందేమోనని చూశాను. అది ఆకుపచ్చ లక్క గాజులు ఒకటొకటే తీసి, పెట్టె మూత మీద పెట్టి, మూత పక్కకు జరిపి, బీదరు ముక్క తీసుకుని పోయి మళ్లీ టాంగాలో కూర్చుంది. అది మాదంటే మాదని ఎన్నిసార్లు కొట్టుకున్నామో. ఆ రోజు నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకే, యాభై ఆరు నవంబరులో, తెలుగువాళ్లందరూ ఒక్కటయ్యారని బళ్లో మిఠాయి పంచారు. తినలేదని చెప్పుకుంటే బాగుంటుంది కానీ తిన్నాను. పంతులమ్మ కొత్త పటం గోడకు తగిలించి, ఇది మన రాష్ట్రం అని కర్రతో చూపించింది. ఏమిటి పేరని అడిగింది. ఈసారి ఒక్కటే పేరు చెప్పాను. కూర్చోమంది. నా పక్క చోటు ఖాళీగానే ఉంది.

బాపు ఆ కుర్చీలో నాలుగు నెలలు కూర్చున్నాడు. అయిదో నెలలో కర్నూలు నుంచి ఒక పెద్ద నక్షానవీసు వచ్చాడు. బాపు కంటే ఆరేళ్లు సీనియరు. బాపు మళ్లీ పాత బల్లకే వచ్చాడు. పక్క బల్ల దగ్గర ఇప్పుడు కాకా లేడు. మేం అయ్యో అనలేదు. పక్క వాటాలో అద్దెకు ఎవరో వచ్చారు, వాళ్లు ఎవరైతేనేం. అమ్మ పుట్టింటికి ఉత్తరాలు నేనే రాయడం మొదలుపెట్టాను. మొదటి ఉత్తరం అందగానే, మీ ఆయన చేతికి ఏమైంది, అక్షరం మారింది అని అమ్మమ్మ రాయించింది. అమ్మ ఆ కార్డు నాతో బాపుకు చదివించి వినిపించింది, ఆయన అన్నం తింటుండగా.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం బాపు కచేరీ నుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. షేర్వానీ గుండీలు విప్పుతూ అమ్మతో చెప్పాడు. గీతలు కొలుస్తూ, చిన్నప్పటి నుంచి అలవాటైన ఉర్దూ ఎక్కాలు పైకి అనుకుంటున్నాడట. పౌన్, సవా, డేఢ్, ఢాయీ. కొత్తాయన వెనక నుంచి వచ్చి నిలబడి, ఇదేం లెక్కండీ అని నవ్వాడట. తెలుగులో ఒక నోటు రాసి ఇమ్మన్నాడట. రాయడం రాదంటే పదిమందిలో అడిగాడట, అసలు మీ మాతృభాష ఏమిటండీ అని.

"నన్ను గట్ల అడగొచ్చునా? ఏడు తరాల సంది ఈడనే ఉన్నం. నాది ఏ భాషనో ఇంకొకడు అడుగుడేంది?"

ఆయన కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదలు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. నేను అరుగు మీద పదిహేను ముక్కలు పేర్చుకుని, మధ్యలో ఖాళీ జాగా చూస్తూ కూర్చున్నాను. పెద్ద ఆలోచన చేసి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఆయనను నన్నడుగుమను బాపూ. నేను చెప్త."

బాపు నా వైపు చూసి, లోపలికి పోయాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ నా ఎదుట పైకి లెక్క చేయలేదు. ఏదైనా కొలవాల్సి వస్తే నేను అక్కణ్నుంచి లేచేదాకా ఆగేవాడు.